దెబ్బ తగిలినవాణ్ణి చూసే డాక్టర్ ఎవరి మనిషి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ప్రొఫెషనల్ ఆటగాళ్లు పెద్దవాళ్లు, ప్రమాదం ఉందని తెలిసే దిగుతారు, అందుకు తగ్గ డబ్బూ తీసుకుంటారు. లీగులకు సొంత డాక్టర్లున్నారు, సొంత నియమాలున్నాయి. మధ్యలో ప్రభుత్వం ఎందుకు తలదూర్చాలి? దూర్చితే ఆట చప్పబడిపోదా?

దెబ్బలు తగిలే ఆటల జట్లతో ఫిజియోగా చాలా ఏళ్లు తిరిగాను. ఆట ఎలా ఆడాలో ప్రభుత్వం చెప్పక్కర్లేదు, అది వాళ్లకు చేతకాదు కూడా. కానీ దెబ్బ తగిలిన మనిషిని పరీక్షించే డాక్టర్‌కు జీతం ఎవరిస్తున్నారు, అతను వద్దన్నాక ఆ మాట కాదనే అధికారం ఎవరికుంది, తేలిన విషయం ఎవరు దాచిపెట్టగలరు అన్నవి మాత్రం బయటివాళ్లే తేల్చాలి. లీగులు తమంతట తాము ఆ పని చేసిన సందర్భాలు నాకు చాలా తక్కువ కనిపించాయి. చేసిన చోట కూడా వెనక్కి వెళ్లి చూస్తే ఒక కోర్టు కేసో, చట్టసభ విచారణో, యూనియన్ ఒత్తిడో, లేదా టీవీలో అందరూ చూసిన ఒక చావో ఉంటుంది.

"తెలిసే ఆడుతున్నారు" అన్న మాట దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే మీ వాదనంతా దాని మీదే నిలబడింది. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ తలదెబ్బల మీద 1994లో ఒక వైద్య కమిటీ వేసింది. దానికి అధ్యక్షుడిగా పెట్టింది మెదడు డాక్టర్‌ని కాదు, కీళ్లవాతం చూసే డాక్టర్‌ని. అతను ఒక జట్టుకు టీమ్ డాక్టర్ కూడా. ఈ దెబ్బల వల్ల దీర్ఘకాలంలో పెద్ద నష్టం కనబడటం లేదన్న ధోరణిలో ఆ కమిటీ ఏళ్ల తరబడి పరిశోధనా వ్యాసాలు వేసింది. ఆ లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌ను నాలుగుసార్లు గెలిచిన మైక్ వెబ్‌స్టర్ 2002లో యాభయ్యేళ్ల వయసులో చనిపోయాడు. చివరి రోజుల్లో మతి చెదిరి, ఇల్లూ వాకిలీ లేకుండా తిరిగినవాడు. శవపరీక్ష చేసిన డాక్టర్ బెన్నెట్ ఒమాలు ఆ మెదడులో కనిపించిన జబ్బు గురించి 2005లో ప్రచురిస్తే, లీగ్ కమిటీ డాక్టర్లు ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకోమని పత్రికకు ఉత్తరం రాశారు. ఇప్పుడు చెప్పండి, ఆ రోజుల్లో ఆడినవాడికి ఏం తెలిసి ఆడినట్టు? మోకాలు పోతుందని తెలుసు, వేలు విరుగుతుందని తెలుసు. నలభై దాటాక భార్య పేరు గుర్తుండకపోవచ్చని మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లే లేదన్నారు.

ఇక మైదానం అంచున ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చెప్తాను. టీవీలో మీకు కనిపించేది ఆటగాడు పడటం, ఇద్దరు పరిగెత్తుకు రావడం, తర్వాత ప్రకటనలు. తలకు దెబ్బ తగిలినవాణ్ణి మేం అడిగే మొదటి ప్రశ్నలు చాలా మామూలుగా ఉంటాయి. ఇది ఏ మైదానం? ఇప్పుడు ఏ హాఫ్ నడుస్తోంది? చివర పాయింటు కొట్టిందెవరు? పోయిన మ్యాచ్ ఎవరితో ఆడాం, గెలిచామా? వాటికి జవాబు చెప్తే లోపలికి తీసుకెళ్లి కొన్ని పదాలు చెప్పి మళ్లీ చెప్పించుకుంటాం, నెలల పేర్లు డిసెంబర్ నుంచి వెనక్కి చెప్పమంటాం, ఒక గీత మీద మడమకు వేలు ఆనించి నడవమంటాం. ఇందులో చాలావాటిని సీజన్‌కు ముందు అతను మామూలుగా ఉన్నప్పుడు చేసిన పరీక్షతో పోల్చి చూస్తాం.

ఇక్కడో కిటుకు ఉంది, ఆటగాళ్లందరికీ తెలుసు. సీజన్ ముందు పరీక్షను కావాలని సగం సగంగా రాసేస్తారు. అప్పుడు మార్కులు తక్కువుంటే, రేపు దెబ్బ తగిలినా పెద్ద తేడా కనబడదు. మొద్దు మొహం పెట్టి కూర్చుని, ఐదు పదాల్లో రెండు చెప్పి నవ్వేవాళ్లను చూశాను. వాళ్లను తప్పుపట్టలేను. ఒప్పందంలో సింహభాగం గ్యారంటీ లేని డబ్బు, బయట నీ చోటు కోసం కాచుక్కూర్చున్న కుర్రాడు, ఇంటిదగ్గర నీ మీద ఆధారపడ్డ పదిమంది. తల తిరుగుతోందని ఎవడు చెప్తాడు? ఇటు గది తలుపు దగ్గర కోచ్ నిలబడి ఉంటాడు. అతను ఒత్తిడి చేయడు, అరవడు. "ఎంతసేపు?" అని ఒకే ఒక్క మాట అడుగుతాడు. వచ్చే ఏడాది మీ ఒప్పందం పొడిగించాలా వద్దా అన్నది ఆయన చేతిలో ఉన్నప్పుడు ఆ మాట చాలు.

కాబట్టి మంచి డాక్టర్, చెడ్డ డాక్టర్ అన్నది కాదు ఇక్కడ గొడవ. నేను చూసిన టీమ్ డాక్టర్లలో ఎక్కువమంది నిజాయితీపరులే. కానీ ఆటగాడు నిజం చెప్పడానికి భయపడి, డాక్టర్ ఆపడానికి జంకి, యాజమాన్యం లెక్క అడగడానికి ఇష్టపడనప్పుడు ముగ్గురు మంచివాళ్లు కలిసి ఒక చెడ్డ నిర్ణయం తీసుకుంటారు.

2009 అక్టోబర్‌లో అమెరికా ప్రతినిధుల సభ న్యాయ కమిటీ ఎన్‌ఎఫ్‌ఎల్ కమిషనర్ రోజర్ గుడెల్‌ని పిలిచి కూర్చోబెట్టింది. మెదడు జబ్బుకూ ఆటకూ సంబంధం ఉందా అని అడిగితే ఆయన సూటిగా జవాబివ్వలేదు, డాక్టర్లు చూసుకుంటారన్నాడు. లిండా సాంచెజ్ అనే సభ్యురాలు, సిగరెట్ కంపెనీలు కూడా ఒకప్పుడు ఇలాగే మాట్లాడాయని మొహం మీదే గుర్తుచేసింది. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైన సాక్ష్యం గే కల్వర్‌హౌస్‌ది. ఆవిడ ఒక జట్టు యజమాని కూతురు, ఆ జట్టుకే అధ్యక్షురాలిగా పనిచేసింది. టీమ్ డాక్టర్ కోచ్ మనిషి, యాజమాన్యం జీతం మీద ఉన్నవాడు, ఆటగాడి పక్షాన ఉండేవాడు కాదు అని చెప్పింది. లోపలి మనిషి నోట ఆ మాట రావడం చిన్న విషయం కాదు.

ఆ విచారణ తర్వాత కాంగ్రెస్ ఏ చట్టమూ చేయలేదు. అయినా నెలలోపే లీగ్ తలదెబ్బల కమిటీ సహాధ్యక్షులిద్దరూ తప్పుకున్నారు. డిసెంబర్‌కల్లా కొత్త నియమం వచ్చింది: కంకషన్ (తలదెబ్బకు మెదడు అదిరి పనితీరు చెదరడం) లక్షణాలు కనబడితే ఆ రోజుకు మళ్లీ దిగడానికి వీల్లేదు, తర్వాత దిగాలన్నా జట్టుతో సంబంధం లేని నిపుణుడు కూడా ఒప్పుకోవాలి. ఇన్నేళ్లు కానిది రెండు నెలల్లో ఎలా అయింది? ప్రశ్నలు బహిరంగంగా అడిగారు కాబట్టి. పైగా ఆ లీగ్ సంపదకు మూలం టీవీ హక్కులన్నీ ఒకే మూటగా అమ్ముకోవడం. గుత్తాధిపత్య చట్టాల నుంచి అందుకు మినహాయింపు ఇచ్చింది 1961లో కాంగ్రెస్ చేసిన చట్టమే. ఇచ్చిన చేయి వెనక్కి తీసుకోగలదని యజమానులకు బాగా తెలుసు. "ప్రభుత్వానికేం పని" అని అడిగేవాళ్లు, ఆ మినహాయింపు పుచ్చుకున్నప్పుడు మాత్రం ఆ ప్రశ్న వేసుకోలేదు.

తర్వాత వేలమంది మాజీ ఆటగాళ్ల దావా. 2013లో 76.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరితే, అది అందరికీ సరిపోతుందన్న నమ్మకం లేదని జడ్జి వెనక్కి పంపింది. పరిహారం మొత్తం మీద పరిమితి ఎత్తేశాక 2015లో ఆమోదించింది. పరిహారం లెక్కల్లో నల్లజాతి ఆటగాళ్ల మెదడు సామర్థ్యం మొదట్నుంచీ తక్కువే అన్నట్టు కొలిచే పద్ధతి ఒకటి వాడారు. దానివల్ల వాళ్లకు జబ్బు నిరూపించుకోవడం కష్టమయ్యేది. ఇది బయటపడి రచ్చయ్యాక 2021లో గానీ ఆపలేదు. మెదడు జబ్బుకు ఆటతో సంబంధం ఉందని లీగ్ తరఫు పెద్ద అధికారి ఒకరు మొదటిసారి నోటితో ఒప్పుకున్నది 2016 మార్చిలో. అదీ కాంగ్రెస్ కమిటీ ముందు కూర్చున్నప్పుడే.

సరే, బయటి డాక్టర్ వస్తే అంతా చక్కబడుతుందా అంటే, కాదు. 2022 సెప్టెంబర్‌లో మయామి జట్టు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) టువా టాగోవైలోవా పడ్డప్పుడు తల వెనక భాగం నేలకు కొట్టుకుంది. లేచి, తల విదిలించుకుని, నాలుగడుగులు వేసేలోపే కాళ్లు తడబడ్డాయి, తోటివాళ్లు పట్టుకున్నారు. చూసిన ప్రతివాడికీ అర్థమైంది. అప్పటికి మైదానంలో జట్టుతో సంబంధం లేని న్యూరో నిపుణుడు ఉన్నాడు. అయినా తడబాటుకు కారణం వెన్నునొప్పి అని తేల్చి రెండో హాఫ్‌లో దింపారు. నాలుగు రోజులకు సిన్సినాటిలో మళ్లీ పడ్డాడు. ఈసారి చేతివేళ్లు బిగుసుకుపోయి వంకర్లు తిరిగాయి, స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు.

అప్పటి నియమంలో ఒక సందు ఉండేది: తడబాటుకు మెదడు కారణం కాదని డాక్టర్లు భావిస్తే దింపొచ్చు. ఆటగాళ్ల యూనియన్ ఆ నిపుణుణ్ణి తప్పించింది, రెండు వారాలు తిరక్కుండానే లీగ్, యూనియన్ కలిసి ఆ సందు ఇరుకు చేశాయి. నడకలో, నిలకడలో నరాల సంబంధమైన తేడా ఉందని అక్కడి డాక్టర్లలో ఎవరు తేల్చినా, ఆ రోజుకు ఆట లేదు. ఇందులో ప్రభుత్వం ఎక్కడుంది అని మీరడగొచ్చు. తెర ముందు లేదు. కానీ ఆ నిపుణుణ్ణి నియమించడంలో, తీసేయడంలో యూనియన్‌కు వాటా ఉండటం, నియమం మార్చాలంటే యజమానులు యూనియన్‌తో కూర్చోవాల్సి రావడం కార్మిక చట్టాల వల్ల వచ్చిన బలం. యూనియన్ లేని ఆటల్లో ఆ సందు ఇంకా తెరిచే ఉండేది.

యూనియన్ లేని ఆట అంటే బాక్సింగ్. అక్కడ ప్రభుత్వం లేకపోతే ఇక ఎవరూ లేనట్టే. ఒక రాష్ట్రంలో నాకౌట్ అయినవాడు, అక్కడ వైద్య కారణాలతో సస్పెండ్ చేస్తే, పక్క రాష్ట్రంలో వేరే పేరుతో కొద్ది రోజులకే రింగెక్కేవాడు. ప్రమోటర్‌కు కావలసింది తమ కుర్రాడి చేతిలో ఓడిపోయే ఒక శరీరం. 1996లో అమెరికా చేసిన బాక్సింగ్ భద్రతా చట్టం ఈ తలుపే మూయడానికి చూసింది. ప్రతి బాక్సర్‌కూ గుర్తింపు కార్డు, ఒక రాష్ట్రం వైద్య సస్పెన్షన్‌ను ఇంకో రాష్ట్రం మన్నించడం, పోటీకి ముందు వైద్య పరీక్ష, రింగ్ పక్కన డాక్టర్, ఊపిరి నిలబెట్టే సామాను, వైద్య బీమా. 2000లో ముహమ్మద్ అలీ పేరుతో వచ్చిన చట్టం ప్రమోటర్ల ఒప్పందాల మీద దృష్టి పెట్టింది. కాగితం మీద రెండూ బాగున్నాయి. అమలు మాత్రం రాష్ట్ర కమిషన్ల ఓపిక మీద ఆధారపడింది, కొన్నిచోట్ల ఆ ఓపిక చాలా తక్కువ. నెవాడా లాంటి చోట రింగ్ పక్క డాక్టర్‌ని కమిషన్ నియమిస్తుంది, ప్రమోటర్ కాదు. ఈ ఒక్క తేడాను మిగతా అన్ని సదుపాయాలకంటే పైన పెడతాను.

రింగ్ పక్కన సామాను ఉండటం ఎంత ముఖ్యమో మైకేల్ వాట్సన్ కేసు చెప్తుంది. 1991 సెప్టెంబర్‌లో లండన్‌లో క్రిస్ యూబ్యాంక్‌తో పోరు చివర్లో కుప్పకూలాడు. మెదడులో రక్తం గడ్డకడుతుంటే ప్రతి నిమిషమూ లెక్కే. అక్కడికక్కడే ఊపిరందించి స్థిరపరిచే ఏర్పాటు లేదు. ముందు తీసుకెళ్లిన ఆస్పత్రిలో మెదడు శస్త్రచికిత్స విభాగం లేదు, అక్కణ్ణుంచి మళ్లీ ఇంకో చోటికి. మనిషి బతికాడు, శాశ్వత వైకల్యంతో. బ్రిటిష్ బాక్సింగ్ బోర్డు ప్రభుత్వ సంస్థ కాదు, ఆట నడిపే ప్రైవేటు సంఘం. "మేం నియమాలే రాస్తాం, వైద్యం మా బాధ్యత కాదు" అని వాదించింది. 2000 డిసెంబర్‌లో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు: నియమాలు రాసే హక్కు మీదైతే, అవి సరిపోకపోతే జవాబుదారీ కూడా మీదే. పరిహారం చెల్లించడానికి బోర్డు తన కార్యాలయ భవనం అమ్ముకుంది. ఆ తీర్పు తర్వాత ఏ ఆట సంఘం న్యాయవాదీ "మాకు సంబంధం లేదు" అన్న మాట తేలిగ్గా అనలేకపోయాడు. చట్టసభ ఒక్క వాక్యం రాయకుండా జరిగిన పని అది.

ప్రభుత్వం నేరుగా దిగితే ఎలా ఉంటుందో చూడాలంటే ఇటలీ. 1982 నుంచి అక్కడ పోటీ ఆటలు ఆడాలంటే ఈసీజీతో సహా వైద్య పరీక్ష, క్రీడా వైద్యుడి ధ్రువపత్రం తప్పనిసరి. వెనెటో ప్రాంతంలో యువ క్రీడాకారుల ఆకస్మిక గుండె మరణాలు 1979-80లో ఏటా లక్షకు 3.6 ఉంటే 2003-04కు 0.4కు పడిపోయాయని 2006లో వచ్చిన అధ్యయనం చెప్పింది. ఇజ్రాయెల్ 1997లో ఇలాంటి చట్టమే చేస్తే, అక్కడి పరిశోధకులకు చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాబట్టి ఈసీజీ మంత్రదండం కాదు. కానీ ఇటలీ పద్ధతిలో నాకు నచ్చేది ధ్రువపత్రం ఇవ్వనన్న డాక్టర్‌ని క్లబ్బు ఏమీ చేయలేకపోవడం. 2021 జూన్‌లో యూరో ఫుట్‌బాల్ పోటీల్లో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ గుండె ఆగి పడిపోయాడు, మైదానంలోనే బతికించారు. ఛాతీలో డీఫిబ్రిలేటర్ (గుండె లయ తప్పితే షాకిచ్చి సరిచేసే పరికరం) అమర్చాక ఇటలీ నియమాల ప్రకారం ఆడటానికి వీల్లేదు. ఇంటర్ మిలాన్ ఎంత పెద్ద క్లబ్బయినా డిసెంబర్‌లో ఒప్పందం రద్దు చేసుకుంది. అతను ఇంగ్లండ్ వెళ్లి ఆడాడు, 2024 యూరోలో గోల్ కూడా కొట్టాడు. ఇటలీ అతిగా పోయిందని వాదించేవాళ్లకు ఇది మంచి ఆధారం, కాదనను. ఆ నియమం కాస్త వదులు చేయొచ్చని నాకూ అనిపిస్తుంది. అయితే అటూ ఇటూ ఊగకుండా, ఆటగాడి స్థాయి చూడకుండా అమలైన నియమం అది. అతని స్థానంలో ఎవరికీ తెలియని రెండో డివిజన్ కుర్రాడున్నా ఫలితం అదే.

ఇక కంచే చేను మేసిన కథ. తూర్పు జర్మనీలో డాక్టర్ ప్రభుత్వం మనిషే, కోచ్ ప్రభుత్వం మనిషే, పతకాలు కావలసిందీ ప్రభుత్వానికే. డెబ్బైల నుంచి వేలాది క్రీడాకారులకు, పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలతో సహా, విటమిన్లని చెప్పి హార్మోన్ మాత్రలు మింగించారు. దేశమే మాయమయ్యాక, 2000లో క్రీడాధిపతి మాన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌కు పడింది 22 నెలల శిక్ష, అదీ జైలుకు వెళ్లక్కర్లేకుండా. అందుకే "ప్రభుత్వం రావాలి" అని ఊరికే అనను. గెలుపులో వాటా లేని ప్రభుత్వం రావాలి. సొంత పతకాల కోసం, సొంత స్టేడియం నింపుకోవడం కోసం ఆరాటపడే ప్రభుత్వమైతే అది ఇంకో జట్టు యజమానే.

ఎక్కువమంది పట్టించుకోని దారి ఇంకోటుంది, అది పనిచోటు చట్టం. మైదానం కూడా పనిచోటే. ఆస్ట్రేలియాలో ఎసెండన్ అనే ఫుట్‌బాల్ క్లబ్బు 2012లో ఆటగాళ్లకు రకరకాల ఇంజెక్షన్లు ఇప్పించింది, ఎవరికి ఏమిచ్చారో సరైన రికార్డు కూడా లేదు. డోపింగ్ గొడవ అంతర్జాతీయ క్రీడా కోర్టు దాకా వెళ్లి ఆటగాళ్లే శిక్ష అనుభవించారు. కానీ విక్టోరియా రాష్ట్ర కార్మిక భద్రతా సంస్థ ఆ క్లబ్బును మామూలు యజమానిలాగే చూసింది: మీ ఉద్యోగులకు సురక్షితమైన పనిచోటు ఇవ్వలేదు. క్లబ్బు నేరం ఒప్పుకుంది, 2016లో రెండు లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా పడింది. డబ్బు పెద్దదేం కాదు. తప్పు ఆటగాడి నుంచి యజమాని మీదికి మారింది, అది పెద్దది.

విచిత్రం ఏమిటంటే అదే దేశంలో చాలా రాష్ట్రాల్లో, అమెరికాలో ఫ్లోరిడా లాంటి చోట్ల, పని గాయాలకు పరిహారమిచ్చే చట్టం నుంచి ప్రొఫెషనల్ ఆటగాళ్లను మినహాయించారు. ఫ్యాక్టరీలో వేలు తెగినవాడికి హక్కుగా వచ్చేది, మైదానంలో మెదడు దెబ్బతిన్నవాడికి రాదు. ఈ మినహాయింపు ఎలా తీసేయాలో చూడమని 2023లో ఆస్ట్రేలియా సెనేట్ విచారణ రాష్ట్రాలను కోరింది. ప్రభుత్వం ఏ ఆటలోనూ తలదూర్చకూడదు అనేవాళ్లకు నేను చూపించేది ఇదే. లీగులకు అనుకూలంగా అది ఎప్పుడో దూర్చేసింది.

నిషేధాల గురించి ఎక్కువ చెప్పను. స్వీడన్ 1970లో, నార్వే 1981లో ప్రొఫెషనల్ బాక్సింగ్ ఆపేశాయి. నార్వే ప్రపంచ చాంపియన్ సిసీలియా బ్రేక్‌హస్ తన పోరాటాలన్నీ విదేశాల్లో చేసుకుంది, నిషేధం ఎత్తేశాక 2016లో గానీ ఓస్లోలో రింగెక్కలేదు. దెబ్బలు ఆగలేదు, సరిహద్దు దాటాయంతే.

క్రికెట్ సంగతి అడుగుతారని తెలుసు. 2014 నవంబర్‌లో సిడ్నీలో ఫిలిప్ హ్యూస్ మెడకు బౌన్సర్ తగిలి చనిపోయినప్పుడు విచారణ జరిపింది రాష్ట్ర కరోనర్, అంటే అసహజ మరణాలను విచారించే అధికారి. 2016లో ఇచ్చిన నివేదికలో ఎవరినీ దోషి అనలేదు. కానీ మైదానంలో ఉన్నవాళ్లెవరికీ వైద్య సాయం ఎలా పిలవాలో తెలియలేదని, ఆంబులెన్స్‌కు ఫోన్ చేయడం ఎవరి పనో తేలక ఆరు నిమిషాలు దాటిందని రాసింది. త్వరగా వచ్చినా బతికేవాడు కాదనీ రాసింది. ఆ ఆరు నిమిషాల సంగతి బోర్డు తనంతట తాను అంత స్పష్టంగా కాగితం మీద పెట్టేదని నేననుకోను. అంతర్జాతీయ క్రికెట్‌లో కంకషన్ సబ్‌స్టిట్యూట్ 2019లో వచ్చింది. ఆ ఆగస్టులోనే లార్డ్స్‌లో స్టీవ్ స్మిత్ బదులు లబుషేన్ దిగాడు, ఆట ఏమీ పాడవలేదు.

ఆట చప్పబడటం మీద మీకున్న భయానికి ఇంకో జవాబు. 1905లో అమెరికన్ ఫుట్‌బాల్ కాలేజీ, స్కూలు కుర్రాళ్ల ఆట, అందరూ గుంపుగా ఒకరి మీద ఒకరు పడి తొక్కుకోవడమే. ఆ ఒక్క సీజన్‌లో పద్దెనిమిది మంది చనిపోయారని ఒక పత్రిక లెక్కేసింది. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్‌కు ఆ ఆటంటే ఇష్టం, కొడుకు కూడా ఆడేవాడు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్లను వైట్‌హౌస్‌కు పిలిచి, మీరు మార్చుకుంటారా లేక ఆటే పోగొట్టుకుంటారా అన్న ధోరణిలో మాట్లాడాడు. ఒక్క నియమం కూడా ఆయన రాయలేదు. 1906లో కాలేజీల వాళ్లే కూర్చుని రాసుకున్నారు, గుంపు తొక్కిసలాట తగ్గాలని బంతిని ముందుకు విసరడానికి మొదటిసారి అనుమతిచ్చారు. పాత కోచ్‌లు ఇది ఆడపిల్లల ఆటైపోతుందని గోల పెట్టారు. అది చాల్లేదు, 1909లో మళ్లీ చావులు పెరిగాయి, 1910లో ఇంకోసారి నియమాలు తిరగరాశారు. ఈ రోజు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అందరికంటే ఎక్కువ జీతం తీసుకునేది బంతిని ముందుకు విసిరే క్వార్టర్‌బ్యాక్‌లే.